ఓడినోళ్ళకు ఒక రూలు

పులివెందుల బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కోసం కూర్చుని ఉంటే, వెనక నుంచి ఎవరో "దుమ్ము!" అని అరిచారు. బస్టాండులో దుమ్ముకేమీ కొదవ లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు. కాసేపటికి అదే గొంతు "తేమ!" అంది. అప్పుడు తిరిగి చూశాను. అక్కాచెల్లెళ్ళలాగున్న ఇద్దరు ఆడపిల్లలు సిమెంటు బల్ల మీద అట్టముక్క పెట్టుకుని, దాంట్లో అగ్గిపుల్లలు గుచ్చుతున్నారు. పక్కన వాళ్ళమ్మ చీనీకాయల సంచి, అదే బత్తాయిల సంచి మీద చెయ్యి వేసుకుని కునుకు తీస్తోంది.

"ఏం ఆట పాపా ఇది?" అని అడిగాను, తెలిసి కూడా.

"బోరాట," అంది పెద్దది, నా వైపు చూడకుండానే.

"ఎవరు నేర్పించినారు?"

"మా పిన్నమ్మోళ్ళ ఊర్లో అందరూ ఆడతారు. సింహాద్రిపురం కాడ."

ఆ ఆట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ప్రొద్దుటూరులో మేం అద్దెకున్న మేడ మీద, మా పక్క పోర్షన్‌లో పుట్టింది. దాన్ని కట్టింది నా కూతురు. కట్టేదాకా తీసుకుపోయిన మనిషి ఇప్పుడు లేదు, పోయినేడు పోయింది. ఆ పిల్లలకు ఇదంతా చెబుదామని నోరు తెరిచాను గానీ, ఇంతలో చిన్నదానికి నీళ్ళు పడ్డాయి. ఇద్దరూ లేచి గంతులేశారు. మా బస్సు కూడా వచ్చేసింది.

కిటికీ పక్కన సీటు దొరికింది. చీనీ తోటలు, అరటి తోటలు, మధ్యలో ఎండిన మడికట్లు వెనక్కి పోతూ ఉంటే కళ్ళు మూతలు పడ్డాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ మూతపడ్డ కళ్ళల్లో ఆమె వచ్చి కూర్చుంది, ఎప్పటిలాగే ఒక మోకాలు పైకెత్తి, ఆట గీసిన పటం ముందర.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆమెకు గిట్టేది కాదు. ఆ మేడ మీద పెద్దవాళ్ళందరికీ అక్క, పిల్లలందరికీ పెద్దమ్మ. జమ్మలమడుగులో ఏదో ఆఫీసులో పని చేసి రిటైరైందని, వాళ్ళ నాయన అక్కడే గుడిలో పూజారి అని తెలుసు. అంతకు మించి ఆమె చెప్పలేదు. ఎవరైనా అడిగితే, "నా సంగతి యాడికి పోతాది గానీ, ముందు నీ గవ్వలు వెయ్యి," అనేది. జమ్మలమడుగులో తమ్ముడి ఇల్లు పెట్టుకుని ప్రొద్దుటూరులో ఒక్కతే ఎందుకుంటావక్కా అని ఒకసారి అడిగాను. "ఈడ ఆడేటోళ్ళు ఎక్కువ మే," అంది. నిజానికి ఆ మేడ మీద ఆడేవాళ్ళెవరూ లేరు. ఆమె పట్టుకుని ఆడించేది.

మెట్లు ఎక్కి వచ్చినవాళ్ళెవరూ ఊరికే దిగిపోయే వీలు లేదు. మెట్ల మలుపులో నాపరాతి బండ మీద సుద్దముక్కతో పులిజూదం పటం గీసి పెట్టుకుని కాపు కాసేది. పాలాయన, కరెంటు మీటరు చూసే పిల్లోడు, గ్యాసు బండ మోసుకొచ్చే ఆయన, అందరూ ఆమెకు దొరికినవాళ్ళే. "అమ్మా, ఇంకా వీధంతా మిగిలుండాది," అని గ్యాసాయన మొత్తుకుంటే, "ఒక్క ఆటప్పా. మూడు పులులే. ఎంతసేపు పడతాది?" అని అతని చేతిలో మేకలు పోసేసేది. మేకలంటే శెనగ్గింజలు. పులులంటే సోడా సీసా మూతలు. పులి మేక మీద దూకి చంపిందంటే, ఆమె ఆ గింజను తీసి నిజంగానే నోట్లో వేసుకునేది. అదేందక్కా అంటే, "పులిని గదే, తినకుండా ఎట్లుంటా?" అనేది. ఎప్పుడూ తనే పులి. ఆట అయ్యేసరికి అవతలివాడికి మేకలూ ఉండేవి కావు, ఆమెకు ఆకలీ ఉండేది కాదు.

పొడుగు మనిషి, సన్నం. మెడలో తాడుకు రెండు కళ్ళద్దాలు వేలాడుతుండేవి, ఒకటి దూరానికి, ఒకటి పటానికి. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. ఆలోచిస్తూ ఉంటే ఆ లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు పోయేది. అది చూసి ఆమె ఎత్తు ఎంత లోతుగా ఉందో పసిగట్టవచ్చని మా ఇంటి ఓనరమ్మ అనేది. పాపం ఆ ఓనరమ్మ ఒక్కసారి కూడా గెలవలేదు.

ఇంకొక వింత. మధ్యాహ్నం పూట ఆట మధ్యలో ఆమె నిద్రపోయేది. చెయ్యి పులి మీద ఉండగానే తల గోడకు వాలిపోయేది. కూలరు గుర్రుమంటుండేది, వరండాలోకి ఎండ పలక లాగా పరుచుకుని మెల్లగా జరిగేది. అవతలివాళ్ళు కదలకుండా కూర్చోవాలి, లేచి పోతే ఓడినట్టే. కాసేపటికి కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టు పులిని సరిగ్గా దూకించేది. "కలలో ఆడి చూసుకొచ్చినా," అనేది. కొత్త ఆటలు కూడా ఆమెకు అట్లనే వచ్చేవట. పెళ్ళిపత్రికల అట్టల వెనకా, చెప్పుల డబ్బాల మూతల మీదా గీసిన పటాలు ఆమె మంచం కింద కుప్పగా ఉండేవి. చాలావాటికి పేర్లు లేవు. కొన్నింటిని ఎట్లా ఆడాలో ఆమే మర్చిపోయింది.

పిల్లలతో ఆడినా ఆమె తగ్గేది కాదు. కావాలని ఓడడం ఆమెకు చేతకాదు. అయిదేళ్ళ పిల్లను ఓడించి చప్పట్లు కొట్టుకునే పెద్దమనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఇక మా సంగతి. మా ఆయన చీనీ తోట సింహాద్రిపురం దగ్గర. వారంలో ఎక్కువ రోజులు ఆయన అక్కడే. నాకు ప్రొద్దుటూరులో వార్డు సచివాలయంలో ఉద్యోగం, మా లాస్యకు ఇక్కడే బడి. లాస్య అప్పుడు నాలుగో తరగతి. ఆ పిల్లకు తప్పంటే భయం. మామూలు భయం కాదు. ఒక లెక్క రాసేది, రబ్బరుతో చెరిపేది, మళ్ళీ రాసేది, మళ్ళీ చెరిపేది, కాగితం చిల్లు పడేదాకా. తర్వాత రాయడమే మానుకుంది. నోటితో అడిగితే అన్నీ చెబుతుంది. పెన్సిలు చేతికిస్తే చెయ్యి బిగుసుకుపోతుంది. పరీక్షలో పేరు రాసి, తెల్ల కాగితం ఇచ్చి వచ్చింది. బడిలో కొట్టి చూశారు, బుజ్జగించి చూశారు, నేను దిష్టి కూడా తీశాను. చివరికి బడిలో మేడం పిలిపించి, వార్షిక పరీక్షలో కూడా ఇట్లా తెల్ల కాగితమే ఇస్తే మళ్ళీ నాలుగులోనే కూర్చోబెడతామని చెప్పింది. తన పక్కన కూర్చునే పిల్లలంతా అయిదుకు పోయి, తనొక్కతే మిగిలిపోతే నా బిడ్డ ఇంక నోరు కూడా మూసేస్తుందని నాకు దిగులు పట్టుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గ్యాసాయన ఎట్లనో తప్పించుకుని పోయినట్టున్నాడు, ఆమె ఒక్కతే రెండు వైపులా ఆడుకుంటోంది. పై మెట్టు మీద లాస్య మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని చూస్తోంది. చూడడమే తప్ప ఎన్నడూ దిగి వచ్చేది కాదు. నేను వంటింట్లో చపాతీలు ఒత్తుతున్నాను.

"అది తప్పు," అన్న మాట వినిపించింది. లాస్య గొంతు.

నా చేతిలో కర్ర ఆగిపోయింది. మా ఇంట్లో బూతుమాటైనా నోరు జారుతుందేమో గానీ, ఆ మాట మాత్రం ఎవరూ అనకుండా జాగ్రత్తపడతాం.

"ఏదే తప్పు?" అంది ఆమె.

"పులి రెండు మేకల మింద దూకకూడదు. ఒకదాని మిందే దూకాల."

"అవునా! అయితే శానా సేపటి నుంచి తప్పే ఆడతాండానా?" ఆ గొంతులో ఎంత సంతోషమో. "రెండు మేకల్ని తినేసినా గదే! ఇప్పుడెట్ల?"

లాస్య అంది, "ఇంకో రెండు పెట్టు."

"నా మోకాలు లేస్తా ల్యా. డబ్బా ఆడుండాది, నువ్వే పెట్టుపో."

మా అమ్మాయి ఆ మెట్లు దిగడం నేను తలుపు సందులోంచి చూశాను. ఆ రోజు ఆమె కావాలనే తప్పుగా దూకించిందో, నిజంగా కన్ను ఆనలేదో నాకు తెలియదు. ఒకసారి అడిగితే, "నేను తొండి ఆడేదానిలాగా కనపడతాండానా మే నీకు?" అని కోప్పడింది. ఆమె తొండి ఆడుతుంది. ఆ మేడ మీద అందరికీ తెలుసు.

ఆ రోజే లాస్య మొదటిసారి ఆడి, మొదటిసారి ఓడింది. ఓడి, ఇంట్లోకి వచ్చి దుప్పటి ముసుగు పెట్టుకుంది. నేను ఓదార్చబోతుంటే ఆమె గడప దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఏందే, ఓడినావు గదా. రూలు మార్చే వంతు నీది. మార్చకుండా పండుకుంటే నేనెట్ల ఆడాల రేపు?"

ముసుగులోంచి, "ఏం రూలు?" అని వినపడింది.

"మా నాయిన గుళ్ళో పూజ ముగించుకొని వచ్చి మాతో ఆడేటోడు. మా ఇంట్లో ఓడినోళ్ళకు ఒక రూలు. ఆటలో నీకు నచ్చినేది ఒకటి మార్చచ్చు. ఒకటే. కానీ అది ఇద్దరికీ పనిజేయాల. గెలిచినోళ్ళు కిక్కురుమనకూడదు."

ముసుగు కొంచెం తొలిగింది. "ఏదైనానా?"

"ఏదైనా."

మర్నాడు లాస్య పెట్టిన రూలు: మేకల్ని తినకూడదు. ఆమె కిక్కురుమనలేదు. సాయంత్రం దాకా అట్లనే ఆడారు. మేకలు వచ్చి పటం నిండా కూర్చున్నాయి, పులులు ఎటూ కదలలేక ఇరుక్కుపోయాయి. లాస్య గెలిచింది. గెలిచి, మొహం వేలాడేసుకుంది.

"ఇది బాగలేదు పెద్దమ్మా."

"ఎందుకే? గెలిచినావు గదా."

"గెలిచినా. కానీ బాగలేదు."

"నాకూ నిద్రొచ్చింది," అంది ఆమె. "మళ్ళ ఏం జేద్దాం?"

అప్పటి నుంచి ఆ పిల్ల ఆటను విప్పి చూడడం మొదలుపెట్టింది. ఓడడం, ఒక రూలు మార్చడం, అది ఎక్కడ చెడిందో చూడడం, మళ్ళీ ఓడడం. ఒకసారి, పై కొసకు చేరిన మేక చచ్చిపోయిన ఒక మేకను బతికించవచ్చు అని పెట్టింది. అప్పుడు తెలిసింది, బతికించాలంటే చచ్చిన మేక మిగిలుండాలి గదా, అది పులి కడుపులో ఉంది. దాంతో ఆట ముగిసేదాకా గింజలు తినకూడదని పెట్టాల్సి వచ్చింది. ఆ రూలు ఆమెకు శానా కష్టమైంది. గింజల్ని దోసిట్లో పట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చునేది.

తర్వాత ఇద్దరూ పటాలు గీయడంలోకి దిగారు. ఆమె ఇంట్లో పెన్సిలు లేదు, రబ్బరు అసలే లేదు. బాల్‌పెన్నుతోనే గీయాలి. జమ్మలమడుగు బస్సు ఆట ఒకటి కట్టారు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, టవలు వేసి సీటు పట్టేవాళ్ళు, చిల్లర లేదనే కండక్టరు, అన్నీ ఉన్నాయి దాంట్లో. ఆ పటం గీస్తుండగా లాస్య చెయ్యి జారి అట్టకు అడ్డంగా పెద్ద గీత పడింది. నేను అక్కడే బట్టలు మడతపెడుతున్నాను. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అట్ట చించబోయింది. ఆమె పటానికి పెట్టుకునే అద్దాలు తగిలించుకుని ఆ గీతనే చూస్తూ కూర్చుంది. లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు పోయింది.

"పెన్నేరు గదే ఇది," అంది. "నేను మర్చేపోయినా. జమ్మలమడుగు అని రాసుకొని పెన్న ల్యాకుంటే ఎట్ల?"

ఇద్దరూ కలిసి ఆ గీత పక్కన ఇసుక చుక్కలు పెట్టారు. ఏరు వచ్చింది కాబట్టి వంతెన కావాల్సి వచ్చింది. ఏటికి నీళ్ళు వస్తే బస్సు ఆగిపోవాలని ఒక రూలు కూడా వచ్చింది. ఆ ఏటి కాడ ఎన్ని బస్సులు ఆగిపోయాయో ఆ చలికాలమంతా. సాయంత్రం పూట ఆ అట్ట మీద దీపం వెలుగు పడితే, నీళ్ళు నిజంగానే కదిలినట్టు నాకు అనిపించేది. ఆఫీసు నుంచి వచ్చి, అలసిపోయి, అట్లనే గోడకు ఆనుకుని చూసేదాన్ని.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. బడిలో తెల్ల కాగితం మాత్రం తెల్ల కాగితంగానే ఉంది. ఇంకో పరీక్ష అట్లనే పోయింది. నాకు ఓపిక అయిపోయింది.

"అక్కా, లాస్యను ట్యూషన్‌కు వేస్తాండా," అన్నాను ఒకరోజు. "ఈ ఆటలతో పొద్దు పోతాంది గానీ రాత రాలా."

"ఎయ్యి మళ్ళ. ట్యూషన్ అయినాక నా కాడికి పంపు."

"ఆటలో తప్పు చేస్తే ఏమయితాది? గింజ పోతాది. పరీక్షలో అట్ల కాదు గదా."

ఆమె చేతిలోని గింజల్ని డబ్బాలో పోసేసింది. "నాకు తెల్దు మే," అంది. "పరీక్షల సంగతి నాకు తెల్దు. ఆడతా ఆడతా పక్కనోళ్ళ ముందర ఓడడం అలవాటైతాది. నాకు తెలిసిందల్లా అంతే."

ఆమెతో వాదించి ఎవరూ గెలవలేదు, నేను మాత్రం ఎట్లా గెలుస్తాను. ట్యూషన్‌కూ వేశాను, ఆటకూ పంపాను.

వేసవి ముంచుకొస్తుండగా మా ఆయన ఫోన్ చేశారు. తోటలో ఉన్న బోరు ఆగి ఆగి పోస్తోంది, చీనీ చెట్లు ఆకు ముడుచుకున్నాయి, కొత్త బోరు వేయిస్తున్నాను, ఆదివారం రండి అన్నారు. పక్క పోర్షన్‌కు ఈ మాట వినపడింది. "నేను రిగ్గు చూడలా ఎప్పుడూ," అంటూ ఆమె మాకంటే ముందే చెప్పులు వేసుకుని నిలబడింది.

టెంకాయ పట్టి నీళ్ళ జాడ చెప్పే ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, చెట్ల వరసల మధ్య నిద్రలో నడుస్తున్నట్టు నడిచాడు. ఈశాన్యం వైపు టెంకాయ మెల్లగా లేచి నిలబడింది. అక్కడే సున్నంతో గుర్తు పెట్టి, ఆ టెంకాయే కొట్టారు. చుట్టుపక్కల తోటలవాళ్ళూ మా చుట్టాలూ వచ్చి గట్ల మీద నిలబడ్డారు. రిగ్గు మొదలైంది. భూమి అదిరింది. తెల్లటి దుమ్ము లేచి ఆకుల మీద, మా తలల మీద, ఆమె రెండు కళ్ళద్దాల మీద పడింది. రాడ్డు మీద రాడ్డు దిగుతూనే ఉంది. దుమ్ము తప్ప ఇంకేమీ రాలేదు. మధ్యాహ్నం దాటాక మా ఆయన చెయ్యెత్తారు. రిగ్గు ఆగింది. అంత చప్పుడు తర్వాత ఆ నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది.

లాస్య పోయి వాళ్ళ నాయన వేలు పట్టుకుంది.

"నాయినా, తప్పయిందా?"

అందరికీ వినపడింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని పిల్ల వైపు చూశారు.

"తప్పేంది పాపా? ఈడ నీళ్ళు ల్యావని తెలిసింది. ఇంకోసారి ఈడ ఎయ్యం గదా."

"మళ్ళ దీన్ని పూడ్చేస్తావా?"

"ఎందుకు పూడ్చేది? ఎవురూ పడకుండా గట్టిగా మూత బిగిస్తాం. గుర్తుండాల గదా, ఈడ ఒకటి ఏసినామని."

ఆమె బోరును చూడడం లేదు, నా కూతురి మొహం చూస్తోంది. తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. లాస్య ఎదురు సీట్లో కిటికీ అద్దానికి పట్టిన దుమ్ము మీద వేలితో గళ్ళు గీసుకుంటూ కూర్చుంది. సాయంత్రపు ఎండ ఆ గళ్ళలోంచి వచ్చి పిల్ల ఒళ్ళో పడింది.

ఒంటిపూట బడులు మొదలయ్యాక బోరాట తయారైంది. అట్ట మీద గళ్ళు. ఒకరు మనసులో మూడు గళ్ళల్లో నీళ్ళు దాచుకుని, చీటీ మీద రాసి పెట్టుకుంటారు. ఇంకొకరు అగ్గిపుల్లతో బోరు వేస్తారు. గుచ్చిన గడిలో ఏమీ లేకపోతే "దుమ్ము" అనాలి. పక్క గడిలో నీళ్ళుంటే "తేమ" అనాలి. దొరికితే "నీళ్ళు". లాస్య కట్టిన మొదటి ఆట అది, మొదటి నుంచీ చివరిదాకా తనదే. ఆమె బోర్లు వేస్తోంది, లాస్య నీళ్ళు దాచింది.

"దుమ్ము," అంది లాస్య.

ఆమె పుల్ల పీకి ఇంకో గడి మీద పెట్టబోయింది.

"పీకొద్దు పెద్దమ్మా!"

"ఎందుకే? దుమ్మే గదా."

"దుమ్మైతేనే ఉండాల. పీకేస్తే యాడ ఏసినావో నీకు తెలియదు. మళ్ళా ఆడే ఏస్తావు."

ఆమె పటానికి పెట్టుకున్న అద్దాలు తీసేసి లాస్యను చూసింది. తర్వాత ఆ పుల్లను తీసిన చిల్లులోనే మళ్ళీ గుచ్చింది. వరండాలో ఆరేయబోతున్న తడి దుప్పటి నా చేతిలో అట్లనే ఉండిపోయింది, నీళ్ళు కారి నా కాళ్ళు తడిసేదాకా నాకు తెలియలేదు. భలే అనలేదు ఆమె, శభాష్ అనలేదు. ఇంకో పుల్ల తీసుకుని, ఎక్కడ వేయాలా అని ఆలోచనలో పడిపోయింది.

వార్షిక పరీక్షలు అయ్యాక లెక్కల పేపరు ఇంటికొచ్చింది. అంత గలీజు పేపరు నేను ఎక్కడా చూడలేదు. ఒక లెక్క చేసి, కొట్టేసి, కింద ఇంకోటి చేసి, అదీ కొట్టేసి, దాని కింద మూడోది. కొన్ని చోట్ల మూడోది కూడా తప్పే. రబ్బరు ముట్టుకోలేదు. పేపరు శుభ్రంగా లేదని ఎర్రసిరాతో రాసి ఉంది. మార్కులు అంతంత మాత్రమే. అయిదుకు పంపారు. నేను ఆ పేపరు పట్టుకుని పక్క పోర్షన్‌లోకి పరిగెత్తాను. ఏడుపొచ్చేసింది. ఆమె పేపరు ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కొక్క కొట్టివేతా చూసింది.

"ఈ కొట్టేసినేటివి శానా బాగుండాయి మే," అంది. పేపరు మడిచి నాకిచ్చి, లాస్యను పిలిచి దోసెడు శెనగ్గింజలు పోసింది. ఆట లేకుండా ఆమె ఎవరికైనా గింజలు ఇవ్వడం నేను అదొక్కసారే చూశాను.

లాస్య ఆరులో ఉండగా ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయింది. తమ్ముడు వచ్చి జమ్మలమడుగు తీసుకుపోయాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక మేం చూడపోయాం. ఏటి వైపు ఇల్లు, కిటికీలోంచి చూస్తే పెన్నలో ఇసుక తెల్లగా మెరుస్తూ కనపడుతుంది. నీళ్ళు ఎక్కడో దూరంగా సన్నగా ఉన్నాయి. తమ్ముడు మమ్మల్ని గుమ్మంలోనే ఆపి నెమ్మదిగా చెప్పాడు.

"ఎవురితోనూ ఆడతా ల్యామ్మా. పటం చూపిస్తే మొగం తిప్పుకుంటాంది. ఒకటనుకొని ఒకటి చేస్తాంది, అది తనకే తెలిసిపోతాంది."

ఆమె లేని ఆటనైనా ఊహించుకోగలను గానీ ఆట లేని ఆమెను ఊహించుకోలేకపోయాను. లాస్య ఏమీ అడగలేదు. మంచం పక్కన బండ మీద సుద్దతో పటం గీసింది, మూతలు ఆమె వైపు పెట్టింది, గింజలు తన వైపు పోసుకుంది. ఆమెను లేపి కూర్చోబెట్టి, గోడకు దిండు ఆనించాం. ఆమె పటం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, మళ్ళీ పటం వైపు చూసింది. ఆట మొదలైంది. మెల్లగా, ఎడమ చేత్తో ఒక ఎత్తు, ఇంకో ఎత్తు.

తర్వాత ఆ చెయ్యి గాల్లో చాలాసేపు ఆగింది. ఆగి, పోయి మేకను పట్టుకుంది. మేకను ఒక గీత మీద నడిపించింది.

"అది మేక వదినా. నీది పులి," అంది ఆమె మరదలు, తమ్ముడి భార్య, మంచిగానే.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పమిట కింద దాచుకుంది. పెదవి ఒక పక్కకు లాగుతుంటే, "తప్పయిందే," అంది. ఆ మాట ఆమె నోట అంత దిగులుగా నేను వినడం అదే మొదలు. మొహం గోడకు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం నాకు తెలుసు, లాస్య దుప్పటి ముసుగులో చూశాను.

"తప్పెందుకయితాది?" అంది లాస్య. "పోయినసారి ప్రొద్దుటూర్లో ఓడింది నేను. నేనింకా రూలు మార్చలా. ఇప్పుడు మారుస్తాండా."

ఆమె తల తిప్పలేదు.

"ఎవరు ఏది ముట్టుకుంటే అది వాళ్ళది. నువ్వు మేకను ముట్టుకున్నావు. ఇంక మేకలు నీవి, పులులు నావి." మూతలు తన వైపు లాక్కుంది. గింజలు ఆమె వైపు తోసింది. తోసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపైనా కూర్చునేటట్టే కూర్చుంది.

చాలాసేపటికి ఆమె గోడ వైపు నుంచే అడిగింది, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ.

"ఇద్దరికీ... పనిజేస్తాదా?"

"ఇద్దరికీ."

ఆమె ఇటు తిరిగింది. ఎడమ చెయ్యి పమిట కిందనుంచి బయటికి వచ్చింది. మేకను నడిపింది. లాస్య పులిని నడిపింది. మళ్ళీ ఆమె చెయ్యి తడబడి పులి మీద పడింది, పులులు ఆమెవి అయ్యాయి. ఇంకోసారి మేకలు. లాస్య మారు మాట్లాడకుండా పక్కలు మారుస్తూ పోయింది. ఎవరివి ఏవో నేను లెక్క తప్పాను, మరదలు కూడా తప్పింది. కిటికీలో ఎండ ఏటి మీద పలచబడుతోంది. ఆమె కళ్ళు సగం మూసుకుని ఆడుతోంది, కలలో ఆడినట్టు.

చివరికి మేకలు ఆమెవి, పులులు లాస్యవి అయ్యాయి. లాస్య తగ్గలేదు, ఒక్కొక్క మేకనే తినుకుంటూ వచ్చింది. ఆమె వైపు గింజలు ఇంచుమించు అయిపోయాయి. ఇంకో దూకుడుతో ఆట ముగుస్తుంది. ఆమె పటాన్ని తేరిపార చూసింది. చెయ్యి చాచింది. ఈసారి ఆ చెయ్యి వణకలేదు, తడబడలేదు. సూటిగా పోయి, లాస్య పులి మీద వేలు పెట్టింది.

"పెద్దమ్మా!" లాస్య ఎగిరి లేచింది. "తొండి! కావాలనే ముట్టుకున్నావు! తొండి!"

పనిచేసే వైపు పెదవి మెల్లగా విచ్చుకుంది.

"రూలు... నీదే గదే," అంది, మూతలన్నీ ఒక్కొక్కటిగా తన వైపు లాక్కుంటూ.